జనరేటర్ నెలకోసారైనా లోడు మీద తిరగాలి

మన వైపు వాడి వాడి అరిగిపోయిన జనరేటర్ల కంటే మూలన కూర్చుని పాడైపోయినవే ఎక్కువ. కరెంటు కోతలు రోజూ ఉన్న కాలంలో జనరేటర్ కూడా రోజూ తిరిగేది, దాని బాగోగులు ఎవరూ ప్రత్యేకంగా చూడాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు ఇంటింటా ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినా కాసేపట్లో వచ్చేస్తోంది, దాంతో జనరేటర్ కొబ్బరి డొక్కలకీ పాత గోనెసంచులకీ మధ్య షెడ్డులో ఉండిపోయింది. దానితో అసలు పని పడేది ఏ అక్టోబర్లోనో నవంబర్లోనో తుఫాను తీరం దాటే రాత్రి. 1996 నవంబర్ 6 నాటి కోనసీమ తుఫాను చూసినవాళ్లకి, 2018 డిసెంబర్‌లో పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు అక్కడున్నవాళ్లకి, ఆ రాత్రి జనరేటర్ అందుకోకపోతే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

అందుకని చాలామంది నెలనెలా స్టార్ట్ చేసి చూస్తారు. అక్కడే తిరకాసు ఉంది. రొయ్యల చెరువు మీద కాపలా ఉండే మనిషిని అడగండి, "ఆయ్, వారం వారం వేస్తన్నామండీ, అయిదు నిమిషాలు తిప్పి ఆపేత్తన్నాం" అంటాడు. అతన్ని అనడానికి లేదు, అలా చేయమని ఓనరే చెప్పి ఉంటాడు. కానీ లోడు లేకుండా, అంటే దాని కరెంటుతో ఏదీ నడపకుండా, అయిదు నిమిషాలు తిప్పి ఆపేయడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. ఇంధనం మండినప్పుడు పొగతోపాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది, అందులో కొంత పిస్టన్ రింగులు దాటి కింద ఆయిల్‌లోకి దిగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆ తడి మళ్లీ ఆవిరై బయటికి పోతుంది. వేడెక్కేలోపే ఆపేస్తే అక్కడే నిలిచిపోయి ఆయిల్‌ని పాడుచేస్తుంది, బేరింగుల మీద తుప్పు మొదలవుతుంది. సైలెన్సర్ లోపలా ఇదే కథ. ఇక సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీలోంచి తీసిన కరెంటు ఆ అయిదు నిమిషాల్లో పూర్తిగా తిరిగి నిండదు. అలా వారం వారం చేసుకుంటూ పోతే బ్యాటరీ మనకి తెలియకుండానే దిగిపోతుంది.

మరి ఎంతసేపు తిప్పాలి, ఎంత లోడు పెట్టాలి? దీనికి మంచి లెక్క మోటర్‌హోమ్ వాళ్ల దగ్గర ఉంది. విదేశాల్లో జనం ఇల్లులా వాడుకునే ఆ బళ్లలో, మన కోనసీమకి షూటింగులకి వచ్చే కారవాన్ల లాంటివాటిలో, బండి పొట్టలోనే జనరేటర్ బిగించి ఉంటుంది. సీజన్ అయిపోయాక నెలల తరబడి బండి కదలదు కాబట్టి మూలన పడి పాడైపోయే బాధ వాళ్లకి బాగా తెలుసు. ఆ బళ్ల జనరేటర్లకి పేరున్న కమిన్స్ ఓనాన్ కంపెనీ మాన్యువల్ చెప్పేది ఏమిటంటే, ఎక్కువగా వాడనప్పుడు నెలకి కనీసం రెండు గంటలు, దాని సామర్థ్యంలో సగం లోడు మీద తిప్పాలి. అది కూడా ఒకేసారి రెండు గంటలు, పావుగంట చొప్పున ముక్కలు చేసి కాదు. మన ఇంటి చిన్న పెట్రోల్ జనరేటర్‌కి రెండు గంటలు కుదరకపోతే గంట తిప్పండి, అంతకంటే తగ్గించొద్దని నా మాట. వానాకాలంలో, ముఖ్యంగా అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో అయితే పదిహేను రోజులకోసారి తిప్పడం మంచిది.

సగం లోడు అంటే ఎంతో మీ మిషన్ మీద ఉన్న ప్లేటు చూసి లెక్కేసుకోండి. రెండు కిలోవాట్లదైతే వెయ్యి వాట్లు కావాలి. నాలుగు బల్బులు, ఒక ఫ్యాను వేసి లోడు పెట్టామనుకుంటారు కొందరు, ఎల్ఈడీ బల్బుల కాలంలో అదంతా కలిపినా నూట యాభై వాట్లు దాటదు. ఇస్త్రీపెట్టె పెట్టొచ్చు గానీ అది వేడెక్కగానే కట్ అయిపోతుంది, మళ్లీ కాసేపటికి అందుకుంటుంది, లోడు నిలకడగా ఉండదు. అన్నిటికంటే తేలిక నీళ్లు కాచే రాడ్. వెయ్యి వాట్ల రాడ్‌ని పెద్ద బకెట్ నీళ్లలో దించి, దించిన తర్వాతే స్విచ్ వేసి, మధ్యలో నీళ్లు మరిగిపోకుండా మారుస్తూ ఉంటే సరిపోతుంది. రాడ్ ఆన్‌లో ఉండగా నీళ్లలో చేయి పెట్టొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. నీళ్లు మార్చాలన్నా ముందు స్విచ్ ఆపి ప్లగ్ పీకాలి. బావి మోటారు పెట్టాలనుకుంటే గుర్తుంచుకోండి, మోటారు అందుకునే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న జనరేటర్ ఒక హెచ్‌పీ మోటారుకే గుక్కతిప్పుకోలేక ఆగిపోవచ్చు.

స్టార్ట్ చేసే ముందు అయిదు నిమిషాలు చూడాల్సినవి ఉన్నాయి. మొదట మిషన్‌ని చదునైన చోట పెట్టండి. చెరువు గట్టు వాలులో పెడితే ఆయిల్ ఒక పక్కకి పోయి, ఆయిల్ తక్కువైందనుకుని సెన్సర్ ఇంజన్‌ని ఆపేస్తుంది, మనమేమో ప్లగ్గు, పెట్రోలు అన్నీ విప్పి చూస్తాం. కారవాన్‌లో కూడా అంతే, బండి వాలుగా ఆగి ఉంటే జనరేటర్ మొండికేస్తుంది. తర్వాత ఆయిల్ కర్ర తీసి తుడిచి మళ్లీ పెట్టి లెవెల్ చూడండి. సైలెన్సర్ మూతి దగ్గర కందిరీగలు మట్టి గూడు కట్టేశాయేమో, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక పీచు పేర్చిందేమో, ప్యానెల్ లోపల చీమలు చేరాయేమో చూడాలి. కొబ్బరి తోటల మధ్య షెడ్డులో ఈ మూడూ మామూలే. వైర్లు ఎలుక కొరికి ఉంటే రాగి బయటికి కనిపిస్తుంది, అలాంటప్పుడు ఆ రోజు స్టార్ట్ చేయకండి, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. బ్యాటరీ టెర్మినల్ మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి, పైన కాస్త వ్యాజిలిన్ రాయండి. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ చూడండి: ఏ లోడూ లేకుండా 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.0కి దిగితే దాదాపు ఖాళీ అయినట్టే, సెల్ఫ్ మూలుగుతుంది తప్ప తిప్పదు.

స్టార్ట్ అయ్యాక మూడు నుంచి అయిదు నిమిషాలు లోడు లేకుండా తిరగనివ్వండి, చోక్ వెనక్కి తీసేయండి. తర్వాత లోడు ఒక్కొక్కటిగా ఎక్కించండి. లోడు పడగానే ఇంజన్ శబ్దం ఒక్కసారి కుంగి, క్షణంలో తేరుకుంటే, వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ సరిగా పనిచేస్తున్నట్టు. కుంగి కుంగి ఊగుతూ ఉంటే కార్బురేటర్‌లో చెత్త ఉండొచ్చు. వోల్టేజ్ 230కి అటూ ఇటూ ఉండాలి. మీటర్‌లో హెర్ట్జ్ కూడా చూపిస్తే లోడు లేనప్పుడు 51, 52 ఉన్నా కంగారు పడక్కర్లేదు, లోడు పెరిగే కొద్దీ 50 దగ్గరికి దిగుతుంది. ఇంజన్ నున్నగా తిరుగుతోంది, కరెంటు మాత్రం సున్నా అంటే బ్రష్‌ల కింద రింగుల మీద చిలుము పట్టి ఉండొచ్చు, లేదా చాలాకాలం తిప్పకపోవడం వల్ల లోపలి ఇనుములో ఉండాల్సిన అయస్కాంత గుణం పోయి ఉండొచ్చు. రెండోదాన్ని బ్యాటరీ తగిలించి మళ్లీ తెప్పిస్తారు గానీ, అది తెలిసిన మెకానిక్ చేయాల్సిన పని. యూట్యూబ్ చూసి, వోల్టేజ్‌ని అదుపులో ఉంచే ఏవీఆర్ కాల్చుకోకండి.

ఆపేటప్పుడు ముందు లోడు తీసేయండి, ఇంకో మూడు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి అప్పుడు ఆపండి. లోపలి వేడి కాస్త తగ్గాకే ఆగడం దానికి మంచిది.

పెట్రోల్ మిషన్లతో అసలు గొడవ

చెడిపోయేది ఇంజన్ కాదు, కార్బురేటర్. దాని కింద ఒక చిన్న గిన్నె ఉంటుంది, అందులో కొద్దిగా పెట్రోల్ ఎప్పుడూ నిలిచి ఉంటుంది. నెలా రెండు నెలలు కదిలించకపోతే అందులో తేలికైనదంతా ఆవిరైపోయి, మిగిలింది పనస జిగురులా జెట్‌కి, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రానికి, పట్టుకుంటుంది. పైగా ఇప్పుడు బంకుల్లో మనకి వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉంది, మన గాలిలో తడికి కొదవా? కొంతవరకు పీల్చుకుంటుంది, మోతాదు దాటాక నీరూ ఇథనాలూ కలిసి వేరే పొరగా ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. ఇంజన్ మొదట తాగేది ఆ అడుగునున్నదే.

దీన్ని కళ్లారా చూడాలంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, చుట్టుపక్కల మంట గానీ బీడీ గానీ లేకుండా చూసుకుని, గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ కింద గాజు సీసా పట్టి కొద్దిగా వదులు చేయండి. సీసాని కదపకుండా కాసేపు ఎండ వైపు పట్టి చూస్తే, మంచి పెట్రోల్ అయితే పైనుంచి కింది వరకు ఒకే రంగులో తేటగా ఉంటుంది. పాడైనదైతే అడుగున ఒక గీత కనిపిస్తుంది, దాని కింద మసకగా వేరే ద్రవం, అందులో తుప్పు నలుసులు. వాసన కూడా పెట్రోల్‌లా ముక్కుకి ఎక్కదు, పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు పుల్లగా ఉంటుంది. అలా ఉంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కొత్తది పోసుకోవాల్సిందే, సగం కలిపి సర్దుకుందామంటే కుదరదు. జెట్ మూసుకుపోతే విప్పి కార్బురేటర్ క్లీనర్ కొట్టండి, పోకపోతే కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి గుచ్చండి. పిన్నీసుతో, సూదితో మాత్రం వద్దు. జెట్ ఇత్తడిది, రంధ్రం కాస్త పెద్దదైనా ఇక ఎప్పటికీ నల్లపొగే.

ఇదంతా రాకుండా ఉండాలంటే నెలనెలా తిప్పడం అయ్యాక చివర్లో ఒక చిన్న పని చేయండి. లోడు తీసేశాక పెట్రోల్ ట్యాప్ మూసేసి, గిన్నెలో ఉన్నది అయిపోయి ఇంజన్ దానంతట అది ఆగేదాకా వదిలేయండి. లోడు తీసేశాకే సుమా. పెట్రోల్ అయిపోతున్నప్పుడు ఇంజన్ ఎగిరెగిరి పడుతుంది, వోల్టేజ్ కూడా దాంతోపాటే, ఆ సమయంలో ఫ్రిజ్ తగిలించి ఉంటే దానికి ప్రమాదం. ట్యాంకులో పెట్రోల్ రెండు నెలలకి మించి ఉంచకండి, తీసి మోటార్ సైకిల్‌లో పోసేసుకుని కొత్తది నింపండి. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్‌కి మార్చే పాత మిషన్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి, అవి ఆపే ముందు మళ్లీ పెట్రోల్‌కి మార్చి కాసేపు తిప్పి ఆపాలి. గిన్నెలో కిరోసిన్ మిగిలితే చల్లటి ఇంజన్ తాడు ఎంత లాగినా అందుకోదు.

ఇంజన్ ఆయిల్ విషయం పొట్టిగా. చిన్న పెట్రోల్ ఇంజన్లకి సాధారణంగా మొదటి 20 గంటలకి ఒకసారి, తర్వాత 100 గంటలకి లేదా ఆరు నెలలకి, ఏది ముందైతే దానికి. "గంటలు తిరగలేదు కదా" అని వదిలేయకండి. తిరగని ఇంజన్‌లోనే తడి ఎక్కువ చేరుతుంది.

చెరువు మీద డీజిల్ సెట్టు

భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం ఎటు చూసినా రొయ్యల చెరువులే కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పాలి. ఇంట్లో కరెంటు లేకపోతే ఉక్కపోస్తుంది, అంతే. వనామీ రకం రొయ్యల చెరువులో తెల్లవారుజామున, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, చూస్తుండగానే పంట పోతుంది.

డీజిల్ ఇంజన్‌కి లోడు లేకుండా తిరగడం అస్సలు పడదు. సిలిండర్ సరిపడా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, కాలని డీజిలూ మసీ కలిసి సైలెన్సర్‌లోకి పోతాయి. దీన్నే వెట్ స్టాకింగ్ అంటారు. సైలెన్సర్ జాయింట్ల దగ్గర నల్లగా జిడ్డుగా కారి, గచ్చు మీద చుక్కలు పడి ఉంటే అదే. చాలామంది అది ఇంజన్ ఆయిల్ లీకనుకుని గాస్కెట్ మార్పిస్తారు. ముందు మెకానిక్‌కి ఒకసారి చూపించి, వెట్ స్టాకింగే అని తేలితే, డెబ్బై ఎనభై శాతం లోడు దాకా మెల్లగా పెంచుతూ గంటా రెండు గంటలు తిప్పితే లోపలిది కాలిపోయి పొగ తేటపడుతుంది. అప్పటికీ నల్లపొగ తగ్గకపోతే ఇంజెక్టర్ చూపించాలి.

అమెరికాలో ఎమర్జెన్సీ జనరేటర్లకి పాటించే ఎన్ఎఫ్‌పీఏ 110 అనే ప్రమాణం ప్రకారం డీజిల్ సెట్టుని నెలకోసారి, కనీసం 30 నిమిషాలు, ప్లేటు మీద రాసిన కిలోవాట్లలో 30 శాతానికి తగ్గని లోడు మీద తిప్పాలి. ఇది మన చెరువుకి ఎలా వర్తిస్తుందంటే, 62.5 కేవీఏ సెట్టు అంటే 50 కిలోవాట్లు, అందులో 30 శాతం 15 కిలోవాట్లు, రెండు హెచ్‌పీ ఏరియేటర్ ఒకటి సుమారు కిలోవాటున్నర, కాబట్టి పది ఏరియేటర్లు నడవాలి. 25 కేవీఏ అయితే నాలుగు చాలు. అన్నీ ఒకేసారి ఆన్ చేయకుండా ఒక్కొక్కటి అందుకున్నాక ఇంకోటి వేయాలి. నా సలహా అయితే అరగంటతో ఆపకుండా గంట నడపమని. ఎలాగూ ఆ ఏరియేటర్లు చెరువుకి పనికొచ్చేవే, డీజిల్ దండగేమీ కాదు.

ఏ టైములో చేయాలనేది అంతకంటే ముఖ్యం. ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు చేయండి. నీళ్లలో నాచు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి ఆ వేళకి చెరువులో ఆక్సిజన్ బాగా ఉంటుంది, ఒకవేళ సెట్టు అందుకోకపోయినా రొయ్యకి ఊపిరాడక చచ్చే ప్రమాదం ఉండదు, మెకానిక్‌ని పిలవడానికి పగలు మిగిలి ఉంటుంది. రాత్రి పూట పరీక్షలు పెట్టుకోవద్దు. ఆటోమేటిక్ ప్యానెల్ ఉంటే స్టార్ట్ బటన్ నొక్కి చూసి సంతృప్తి పడకండి, మెయిన్ ఆపేసి కరెంటు నిజంగా పోయినట్టు చేసి చూడండి. ఇంజన్ బాగానే ఉండి, లైను నుంచి జనరేటర్‌కి మార్చే కాంటాక్టర్ స్విచ్ అతుక్కుపోయి కరెంటు అటు మారకపోవడం జరుగుతుంటుంది.

డీజిల్ ట్యాంకుని ఖాళీగా ఉంచకూడదు, నిండుగా ఉంచాలి. ఖాళీ జాగా ఉంటే రాత్రి చల్లదనానికి గోడల మీద నీరు పట్టి అడుక్కి దిగుతుంది, ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి బంకలా తయారై ఫిల్టర్ మూసేస్తాయి. నెలనెలా తిప్పే ముందు వాటర్ సెపరేటర్ కింద కాక్ తిప్పి నీళ్లు వదిలేయండి.

ప్రాణాల మీదికి వచ్చేవి రెండు

జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. తుఫాను రాత్రి వాన పడుతోందని మిషన్‌ని వరండాలోకి లాగి తలుపులు వేసుకుని పడుకోవడం అంటే చావుని పిలవడమే. కిటికీలకి, తలుపులకి కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగ ఇంటి వైపు కొట్టని దిక్కున, పైన రేకు కప్పి నాలుగు పక్కలా గాలి ఆడేలా పెట్టండి. ఆ రేకు జాగా ఎక్కడో తుఫానుకి ముందే, నెలనెలా తిప్పేటప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే పొగ ఎటు పోతుందో, రాడ్ వైరు అంతదూరం అందుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. దిండి వైపు హౌస్‌బోట్లలో, కారవాన్లలో జనరేటర్ మనుషుల కిందే ఉంటుంది కాబట్టి సైలెన్సర్ పైపు ఎక్కడైనా పగిలిందేమో ప్రతిసారీ చూడాలి.

రెండోది చేంజోవర్ స్విచ్, అంటే ఇంటిని లైను నుంచి విడదీసి జనరేటర్‌కి కలిపేది. అది లేకుండా రెండు వైపులా ప్లగ్గున్న వైరుతో ఇంటి సాకెట్‌లోకి కరెంటు ఎక్కించేవాళ్లు ఉన్నారు. ఆ కరెంటు మీటరు దాటి లైన్లోకి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వేల వోల్టులై, స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ని చంపేస్తుంది. తుఫాను తర్వాత మన కోసం వేరే జిల్లాల నుంచి కూడా వచ్చి పనిచేసేది వాళ్లే.

కారవాన్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. చాలా పెట్రోల్ మోటర్‌హోముల్లో జనరేటర్ బండి ట్యాంకులోంచే తాగుతుంది, కానీ దాని పైపు ట్యాంకులో పావువంతు దగ్గరే ఆగిపోతుంది, బండి రోడ్డు మీద నిలిచిపోకూడదని. కాబట్టి పావు ట్యాంకు కంటే తక్కువుంటే జనరేటర్ ఆగిపోవడం రిపేరు కాదు. లోడుకి ఏసీ వేస్తే చాలు.

ఏటా జులై, ఆగస్టుల్లో గోదావరి పెరిగినప్పుడు లంకల్లో, ఏటిగట్టు లోపల ఉన్నవాళ్లు మిషన్‌ని ముందే అరుగు ఎక్కించుకోవాలి. పొరపాటున మునిగితే నీళ్లు దిగగానే తాడు లాగడం, సెల్ఫ్ కొట్టడం చేయకండి. సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ వైరు పీకేసి, ప్లగ్గు విప్పి, ఆయిలూ పెట్రోలూ మొత్తం దించేసి, మెకానిక్ వచ్చేదాకా అలాగే ఉంచండి. ఆల్టర్నేటర్ కాయిళ్లు ఎండలోనో, వైండింగ్ షాపులో ఓవెన్‌లోనో పూర్తిగా ఆరి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ మీటరుతో చూసి బాగుందన్నాకే దాని మీద లోడు పెట్టాలి. కొత్త ఆయిల్ పోసి కాసేపు తిప్పాక కర్ర తీసి చూడండి, ఆయిల్ తెల్లగా పాలిపోయి ఉంటే లోపల ఇంకా నీరుందన్నమాట, మళ్లీ మార్చాలి.